గుంట ఎండగట్టినట్టు పేగునూ కడగాలా?

"మా బావకూ పేగు ఆపరేషనే, నాకూ పేగు ఆపరేషనే. ఆయనకేమో ఏ మందూ తాపకుండానే థియేటర్‌లోకి తీసుకుపోయినారు. నన్ను మాత్రం ముందు రోజు జగ్గులకు జగ్గులు మందునీళ్ళు తాపించి రాత్రంతా బాత్రూం చుట్టూ తిప్పినారు. ఒకటే పేగుకి రెండు రకాల వైద్యమేంది సార్?"

తోటపల్లి గూడూరు మండలం నుంచి నెల్లూరుకో, మద్రాసుకో, రాయవేలూరుకో వెళ్ళి ఆపరేషన్ చేయించుకొచ్చిన వాళ్ళు ఇలా అడిగితే, అది తెలియక అడిగిన ప్రశ్న అనుకోవద్దు. సర్జన్లు తమలో తాము యాభై ఏళ్ళుగా వేసుకుంటున్న ప్రశ్న అదే. పేగును కోసే ముందు కడగాలా వద్దా? కడిగితే పైనుంచి మందు తాగించి కడగాలా, కిందినుంచి ఎనిమా ఇచ్చి కడగాలా? కడిగాక లోపలి సూక్ష్మజీవులను కూడా చంపాలా? వీటికి వచ్చిన జవాబులు మధ్యలో ఒకటి రెండుసార్లు తలకిందులయ్యాయి.

ఈ ప్రాంతం వాళ్ళకు దీన్ని అర్థం చేయించడానికి దూరం వెళ్ళక్కర్లేదు. కోడూరు సముద్రం వైపు వెళ్తే దారికి అటూ ఇటూ రొయ్యల గుంటలే. పంట పట్టేశాక రైతు ఏం చేస్తాడు? నీళ్ళు వదిలేస్తాడు. అడుగు నెర్రెలు బారేదాకా ఎండగడతాడు. కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొట్టే నల్ల బురదను ఎత్తి గట్టవతల పోయిస్తాడు. సున్నం చల్లుతాడు. నీళ్ళు పెట్టాక బ్లీచింగ్ వేస్తాడు. ఆ తర్వాతే సీడ్ వదులుతాడు. పాత మురికి మీద కొత్త పంట వేస్తే జబ్బు తప్పదని అతనికి అనుభవం నేర్పింది. పేగు గురించి సర్జన్లు అనుకున్నదీ సరిగ్గా ఇదే. అది ఎంతవరకు నిజమో, ఎక్కడ నిజం కాదో చెప్పడానికే ఈ అధ్యాయం.

ఐదడుగుల గొట్టంలో చివరి జానెడు

మనం తిన్న అన్నం ముందు చిన్నపేగులో అరుగుతుంది. అరగని పిప్పి, నీళ్ళు పెద్దపేగులోకి వస్తాయి. పెద్దపేగు పొడవు దాదాపు ఐదడుగులు. అది పొట్టకు కుడివైపు కింద మొదలై, పైకెక్కి, అడ్డంగా సాగి, ఎడమవైపు దిగుతుంది. దారిలో నీటిని పీల్చుకుంటూ పోతుంది కాబట్టి కుడివైపు అంబలిలా ఉన్న పదార్థం ఎడమవైపు చేరేసరికి గట్టిపడుతుంది. ఈ గొట్టంలో చివరి జానెడు, నిజానికి జానెడుకు కాస్త తక్కువ, పురీషనాళం. పన్నెండు నుంచి పదిహేను సెంటీమీటర్లు ఉంటుంది. దాని కింద మలద్వారం.

ఈ గొట్టంలో కాపురం ఉండే సూక్ష్మజీవుల లెక్క ఊహకందదు. ఒక్క గ్రాము మలంలో పదివేల కోట్ల వరకూ ఉంటాయి. 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు కలిసి వేసిన లెక్క ప్రకారం ఒక మనిషి ఒంట్లో ఉన్న బాక్టీరియా 38 లక్షల కోట్లు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బాక్టీరియాలో అత్యధిక భాగం ఉండేది పెద్దపేగులోనే.

గొట్టం లోపల ఉన్నంతకాలం అవి మనకు చుట్టాలు. మన ఒంటికి పనికొచ్చే ఆమ్లాలు, కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి. గొట్టం బయటికి చిందితే మాత్రం పొట్టంతా చీము పట్టిస్తాయి. క్యాన్సర్ గడ్డ ఉన్న ముక్కను కోసి తీసేశాక పైకొసనూ కిందికొసనూ కలిపి అతకాలి. ఈ అతుకునే డాక్టర్లు అనాస్టమోసిస్ అంటారు. అతుకు పట్టేదాకా కొన్ని రోజులు దాని పక్కనుంచి ఒక్క చుక్క కూడా బయటికి కారకూడదు. కారితే, అంటే లీకైతే, మళ్ళీ పొట్ట తెరవాల్సి రావచ్చు. పెద్దపేగు ఆపరేషన్ చేసే ప్రతి సర్జన్‌కూ నిద్ర పట్టనివ్వని భయం ఈ లీకే.

అందుకే ముందు కడిగేద్దామన్న ఆలోచన.

ఆముదం నుంచి మందునీళ్ళ దాకా

పొట్ట శుభ్రం చేయడం మనకు కొత్త కాదు. సుశ్రుత సంహితలో విరేచనానికీ, వస్తికర్మకూ, అంటే కిందినుంచి మందు ఎక్కించడానికీ, విడిగా అధ్యాయాలున్నాయి. ఆముదం, కరక్కాయ, సునాముఖి మన ఇళ్ళల్లో తరతరాలుగా వాడినవే. ఆముదం ఎందుకు పనిచేస్తుందో మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. ఆముదంలోని రిసినోలీక్ ఆమ్లం పేగు గోడ కండరంలోని ఒక ప్రత్యేకమైన గ్రాహకాన్ని తట్టి లేపుతుందనీ, దాంతో పేగు ముడుచుకుని లోపలున్నదాన్ని నెట్టేస్తుందనీ జర్మనీ శాస్త్రవేత్తలు 2012లో తేల్చారు. సునాముఖిదీ ఇంచుమించు ఇలా పేగును కదిలించే పద్ధతే. ఇలాంటివి చీపురుతో ఊడ్చినట్టు పనిచేస్తాయి. పెద్ద చెత్త పోతుంది గానీ గోడలకు అంటుకున్నది మిగిలిపోతుంది. కడుపునొప్పి అదనం.

చీపురు చాలనప్పుడు నీళ్ళు కొట్టి కడగాలనుకున్నారు. 1973లో బ్రిటన్ డాక్టర్లు ముక్కు గుండా కడుపులోకి సన్నటి గొట్టం వేసి, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిని లీటర్ల కొద్దీ ఎక్కించి, కిందినుంచి తేటనీరు వచ్చేదాకా కడిగే పద్ధతిని ప్రకటించారు. పేగు శుభ్రపడింది. అయితే పేగు ఉన్నదే నీటినీ ఉప్పునూ పీల్చుకోవడానికి. ఎక్కించిన దాంట్లో చాలా భాగం ఒంట్లోకే పోయేది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, కిడ్నీ సరిగా పనిచేయనివాళ్ళకు అది ప్రమాదం.

పేగు పీల్చుకోలేని పదార్థం కావాలి. అలా వచ్చింది మానిటాల్ అనే ఒక రకం చక్కెర. పేగు దాన్ని పెద్దగా పీల్చుకోలేదు. పైగా ఒంట్లోంచి నీటిని గొట్టంలోకి లాగుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి పెడితే తెల్లారేసరికి జాడీలో ఊట ఊరుతుందే, అదే సూత్రం. చిక్కెక్కడ వచ్చిందంటే, మనం అరిగించుకోలేని ఆ చక్కెరను మన పేగులోని బాక్టీరియా అరిగించుకుంటాయి. గోబర్‌గ్యాస్ ప్లాంటులో పేడ నుంచి గ్యాస్ పుట్టినట్టు, హైడ్రోజన్, మీథేన్ పుట్టిస్తాయి. ఫ్రాన్స్‌లో మానిటాల్‌తో పేగు కడిగిన ఒక రోగికి లోపలి పిలకను కరెంటు తీగతో కోస్తుండగా నిప్పురవ్వ తగిలి ఆ గ్యాస్ పేలింది. ఆ మనిషి ప్రాణం పోయింది. ఆ సంగతి 1979లో వైద్య పత్రికలో వచ్చాక సర్జన్లకు మానిటాల్ మీద నమ్మకం సడలింది.

మరుసటి ఏడాది, 1980లో, అమెరికాలోని డల్లాస్‌లో జాన్ ఫోర్డ్‌ట్రాన్ బృందం ఈ రెండు చిక్కులనూ ఒకేసారి విప్పింది. మన కథలో అసలు మలుపు ఇదే. ఇవాళ నెల్లూరు మెడికల్ షాపులో దొరికే పేగు శుద్ధి పొడి దాని వారసురాలే. ఆ ప్యాకెట్ వెనక చదివి చూడండి. 2 లీటర్ల నీటిలో కలిపే ప్యాకెట్‌లో సుమారు 137 గ్రాముల పొడి ఉంటుంది. అందులో 118 గ్రాములు పాలిఇథిలీన్ గ్లైకాల్. మిగతావి వంట ఉప్పు, పొటాషియం క్లోరైడ్, తినే సోడా, సోడియం సల్ఫేట్. పాలిఇథిలీన్ గ్లైకాల్ అణువు చాలా పొడవు. పేగు గోడ దాన్ని పీల్చుకోలేదు, బాక్టీరియా దాన్ని తినలేవు. కాబట్టి గ్యాస్ పుట్టదు. అది తనతోపాటు ఉన్న నీటిని పట్టుకుని అలాగే కిందికి సాగిపోతుంది.

మరి ఉప్పులెందుకు? కాలువలో నీళ్ళూ కయ్యలో నీళ్ళూ ఒకే మట్టంలో ఉంటే తూము తీసినా నీళ్ళు ఎటూ పారవు. ఈ మందునీటిలో కరిగిన పదార్థాల గాఢతను నెత్తురు గాఢతకు సరిపోయేలా కూర్చారు. అందుకే లోపలి నీరు బయటికి పెద్దగా రాదు, బయటి నీరు లోపలికి పెద్దగా పోదు. సోడియం సల్ఫేట్ ఉండటం వెనక ఇంకో నేర్పు ఉంది. సల్ఫేట్‌ను పేగు సులువుగా పీల్చుకోలేదు. తన జంట సోడియంను కూడా గొట్టంలోనే ఆపుకుంటుంది. తాగినప్పుడు నోటికి తగిలే ఆ వెగటు ఉప్పదనం దాని పుణ్యమే. రుచి బాగాలేదని చాలామంది సగంలో ఆపేస్తారు. ఆ రుచి వెనక ఇంత లెక్క ఉందని తెలిస్తే మిగతా సగం తాగడం కొంచెం తేలికవుతుందని నా ఆశ.

ఇక్కడ ఈ తీరప్రాంతం వాళ్ళు జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళల్లో చాలా బోర్లలో ఉప్పు తగులుతుంది. ఆ నీళ్ళతో పొడి కలిపితే కష్టపడి కుదిర్చిన సమతూకం చెడుతుంది. క్యాన్‌లో తెచ్చుకునే తాగునీళ్ళే వాడాలి. పంచదార కూడా కలపొద్దు.

లీటర్ల కొద్దీ తాగలేమనేవాళ్ళ కోసం సోడియం ఫాస్ఫేట్ ద్రావణం వచ్చింది. చిన్న సీసా, రెండు విడతలు, పని అయిపోతుంది. జనానికీ డాక్టర్లకూ బాగా నచ్చింది. ఇది మాత్రం సమతూకంలో ఉన్న మందు కాదు, ఊరగాయ ఉప్పులాంటిది. ఒంట్లోని నీటిని బలంగా లాగేస్తుంది. నీరు తగ్గిన ఒంట్లో, కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో, కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకుపోవడం కొందరిలో కనిపించింది. కొందరి కిడ్నీలు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో హెచ్చరించింది, 2008 డిసెంబరులో తన అతి తీవ్రమైన హెచ్చరికను మందు పెట్టె మీదికి ఎక్కించింది. ఎండాకాలం కయ్యల్లో, గుంటల మీద చెమటోడ్చి పనిచేసి, బీపీ మాత్రలో నొప్పి మాత్రలో వాడుతున్న మనిషికి అలాంటి మందు తగదు. తక్కువ తాగితే చాలన్న సౌకర్యం కోసం కిడ్నీని పణంగా పెట్టకూడదు.

ఇక కిందినుంచి ఇచ్చేది ఎనిమా. అది పురీషనాళాన్నీ, దాని పైన కొద్ది భాగాన్నీ మాత్రమే శుభ్రం చేయగలదు. మొలలకూ, లూటీలకూ, మలద్వారం దగ్గర చేసే చిన్న ఆపరేషన్లకూ సాధారణంగా అది చాలు. బావగారితో పోల్చుకుని మొదట అడిగిన ప్రశ్నకు కొంత జవాబు ఇక్కడే ఉంది. ఎవరికి ఎక్కడ కోస్తున్నారన్నదాన్ని బట్టి ఎంతమేర కడగాలో మారుతుంది. ఒకప్పటి సబ్బునీళ్ళ ఎనిమాలు పేగు లోపలి పొరను మండిస్తాయి, వాటిని వదిలేయడమే మంచిది. ఫాస్ఫేట్ ఎనిమా కూడా కిడ్నీ జబ్బున్న ముసలివాళ్ళకు ఆలోచించి ఇవ్వాలి.

కడక్కపోతే ఏమవుతుందో చూశారు

ఇన్ని మందులు వచ్చినా, అసలు కడగడం అవసరమా అని చాలాకాలం ఎవరూ గట్టిగా పరీక్షించలేదు. కడిగితే మంచిదని అందరికీ అనిపించేది, అంతే. 1987లో ఇర్వింగ్, స్క్రిమ్‌జియర్ అనే ఇద్దరు సర్జన్లు పేగు కడక్కుండానే 72 మందికి పెద్దపేగు ఆపరేషన్ చేసి, ఫలితాలు బాగానే ఉన్నాయని బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో రాశారు. అప్పటి సర్జన్లకు అది మింగుడుపడని మాట.

ఎవరి మాట నిజమో తేల్చడానికి వైద్యంలో ఒక న్యాయమైన దారి ఉంది. ఆపరేషన్‌కు వచ్చిన రోగులను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేయాలి. ఒక గుంపును కడగాలి, రెండోదాన్ని కడగకూడదు. ఎవరు ఎందులో పడాలన్నది డాక్టరు ఇష్టం కాకూడదు. ఎందుకంటే డాక్టరు తనకు తెలియకుండానే బలంగా ఉన్నవాళ్ళను ఒకవైపు చేర్చవచ్చు. 2007లో నెదర్లాండ్స్‌లో 1,431 మందిని ఇలా చీటీ వేసి చూశారు. కడిగిన గుంపులో అతుకు లీకైంది నూటికి 4.8 మందికి. కడగని గుంపులో 5.4 మందికి. ఆ తేడా కాకతాళీయంగా కూడా రావచ్చు. స్వీడన్‌లో వెయ్యిమందికి పైగా రోగులతో అదే ఏడాది వచ్చిన పరీక్షా ఇదే చెప్పింది. 2011లో కాక్రేన్ సంస్థ ఇలాంటి 18 పరీక్షలను, 5,805 మంది రోగుల వివరాలను కలిపి చూసింది. పెద్దపేగు ఆపరేషన్‌కు ముందు కడగడం వల్ల లాభం ఉందనడానికి ఆధారం దొరకలేదు.

ఇదెలా సాధ్యం? పల్లెటూరి మనిషికి ఇది తేలిగ్గానే తడుతుంది. కొట్టంలో పేడ గట్టిగా ఉంటే పారతో ఎత్తి పక్కన పడేస్తాం. సగం నీళ్ళు పోసి వదిలేస్తే కొట్టమంతా పారుతుంది, దేనితోనూ ఎత్తలేం. పేగూ అంతే. పూర్తిగా కడిగితే సరే. అరకొరగా కడిగితే గట్టి మలం పలచటి మురుగునీరై, కోసేటప్పుడు పొట్టలోకి చిందే అవకాశం పెరుగుతుంది. దానికితోడు ముందు రోజంతా తిండిలేక, నీరసించి, ఒంట్లో ఉప్పులు తగ్గిన మనిషి ఆపరేషన్ బల్లమీదికి వస్తాడు.

ఈ ఫలితాలతో యూరప్‌లో చాలా ఆసుపత్రులు పెద్దపేగు పైభాగం ఆపరేషన్లకు కడగడం మానేశాయి. బావగారు ఏ మందూ తాగకుండా థియేటర్‌లోకి వెళ్ళడం వెనక ఉన్నది ఈ లెక్కే.

చివరి జానెడు లెక్క వేరు

ఆ పరీక్షల్లో చాలావాటిలో పురీషనాళం ఆపరేషన్లు కొద్దిగానే ఉన్నాయి. పైన చెల్లిన మాట కింద కూడా చెల్లుతుందా అన్న సందేహం అలాగే మిగిలిపోయింది.

పురీషనాళం కటి ఎముకల మధ్య, ఇరుకులో, లోతుగా ఉంటుంది. అందులోని గడ్డను తీసి కింద అతకడం బావిలోకి వంగి చేసే పనిలాంటిది. ఇప్పుడు చాలా చోట్ల ఆ అతుకు చేతి కుట్టుతో వేయడం లేదు, స్టేప్లర్‌తో వేస్తున్నారు. గొట్టంలాంటి ఆ పరికరాన్ని మలద్వారం గుండానే లోపలికి పంపుతారు. దాని తల పైకొసలో, ఒళ్ళు కిందికొసలో ఉంటుంది. మరను తిప్పి రెంటినీ దగ్గరికి లాగి నొక్కితే గుండ్రంగా సన్నటి టైటానియం పిన్నులు దిగుతాయి. అదే క్షణంలో లోపలి కత్తి మధ్యభాగాన్ని గుండ్రంగా కోస్తుంది. పరికరం బయటికి తీశాక దాని తలమీద గారెల్లాంటి రెండు చిన్న కండ చక్రాలు ఉంటాయి. సర్జన్ వాటిని వేలితో తిప్పి చూస్తాడు. రెండూ ఎక్కడా తెగకుండా నిండు గుండ్రంగా ఉంటే అతుకు చుట్టూరా పడినట్టు. ఒకటి తెగి ఉంటే అక్కడ కుట్టు వేయాలి. ఆ తర్వాత పొట్టలోపల నీళ్ళు పోసి అతుకును ముంచి, కిందినుంచి గాలి ఊదుతారు. పంక్చర్ షాపులో ట్యూబును తొట్టి నీళ్ళలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూస్తారే, సరిగ్గా అదే పరీక్ష. పరికరం వెళ్ళే దారిలో, గాలి ఊదే దారిలో, గట్టి మలం ఉంటే ఈ పనులేవీ సవ్యంగా సాగవు.

ఇంకో కారణం నాకు ఇంతకంటే ముఖ్యంగా తోస్తుంది. మలద్వారానికి మరీ దగ్గరగా వేసిన అతుకు లీకయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకని చాలామందికి పైన చిన్నపేగును పొట్ట మీదికి తెచ్చి సంచి పెడతారు. కొన్ని వారాలో నెలలో మలం సంచిలోకి పోతుంది, కింది అతుకు విశ్రాంతిగా మానుతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పైన తూము మూసేసినా కాలువలో అప్పటికే ఉన్న నీళ్ళు కింది కయ్యలోకి పారుతూనే ఉంటాయి. సంచికీ అతుకుకూ మధ్య ఐదడుగుల పెద్దపేగు ఉంది. దాన్ని ముందే కడగకపోతే అందులో నిలవున్న మలమంతా కొత్త అతుకు మీదికే దిగుతుంది. ఇక సంచి పెట్టి సాధించిందేముంది?

ఈ అనుమానాన్ని ఫ్రాన్స్ సర్జన్లు పురీషనాళ క్యాన్సర్ రోగుల్లోనే పరీక్షించి 2010లో ఫలితం ప్రకటించారు. 178 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. కడిగిన గుంపులో నూటికి 16 మందికి ఇన్ఫెక్షన్లు వచ్చాయి, కడగని గుంపులో 34 మందికి. అన్ని రకాల ఇబ్బందులూ కలిపితే 27కు 44. లీకు 10కి 19. అయితే రోగుల సంఖ్య చిన్నది కాబట్టి ఒక్క లీకు విషయం మాత్రం ఖాయంగా తేలలేదు. అంతకుముందే 2006లో ఆస్ట్రేలియాలో 294 మందితో ఇంకో పోలిక జరిగింది, ఒకవైపు తాగే పాలిఇథిలీన్ గ్లైకాల్, మరోవైపు ఒకే ఒక్క ఫాస్ఫేట్ ఎనిమా. ఎనిమా గుంపులో నూటికి నలుగురికి లీకువల్ల మళ్ళీ ఆపరేషన్ చేయాల్సొచ్చింది. తాగిన గుంపులో ఒక్కరికి కూడా అవసరం పడలేదు.

పైనున్న పెద్దపేగుకు కడగడం అంతగా అక్కరకు రాలేదు. చివరి జానెడుకు మాత్రం కడగడం మంచిది, అదీ ఎనిమాతో సరిపెట్టకుండా పైనుంచి కడగడం మంచిది. ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతులను రూపొందించే ఈరాస్ సొసైటీ తన 2018 మార్గదర్శకాల్లో ఈ తేడానే చూపింది. పెద్దపేగుకు రివాజుగా కడగొద్దంది, పురీషనాళానికి కడగవచ్చంది.

బురద తీయకుండా బ్లీచింగ్ చల్లితే

రొయ్యల రైతుకు తెలిసిన ఇంకో సంగతి ఉంది. నల్ల బురద అలాగే ఉంచి ఎంత బ్లీచింగ్ వేసినా ఆ మందును బురదే తినేస్తుంది, సూక్ష్మజీవుల దాకా పోదు. బురద మాత్రం తీసి మందు వేయకపోతే అడుగున మిగిలినవి మళ్ళీ పెరుగుతాయి. రెండూ కలిస్తేనే పని.

పేగులోనూ ఇదే కనిపించింది. ఫిన్‌లాండ్ శాస్త్రవేత్తలు 2015లో పాలిఇథిలీన్ గ్లైకాల్‌తో కడిగిన పేగులో బాక్టీరియా దాదాపు 31 రెట్లు తగ్గుతాయని లెక్కకట్టారు. వినడానికి చాలా పెద్ద తగ్గుదల. పదివేల కోట్లను 31తో భాగించి చూడండి, ఇంకా మూడు వందల కోట్లకు పైనే మిగిలాయి. మలం పోయింది గానీ గోడలనంటుకున్న బాక్టీరియా పోలేదు.

వాటిని తగ్గించడానికి పేగు పీల్చుకోని మాత్రలు మింగించాలని 1970లలో అమెరికాలో నికోల్స్, కాండన్ అనే సర్జన్లు ప్రయత్నించారు. నియోమైసిన్ అనే మందు నోటితో వేసుకుంటే నెత్తురులోకి దాదాపు పోదు, గొట్టంలోనే ఉండి పనిచేస్తుంది. దానికి ఎరిత్రోమైసిన్‌ను జోడించి, ఆపరేషన్ ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు, రెండింటికి, రాత్రి పదకొండింటికి మింగించేవారు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరీక్ష ఫలితం 1977లో వచ్చింది. పేగు కడిగి ఊరుకున్న గుంపులో చీముపట్టే ఇబ్బందులు నూటికి 43 మందికి. కడిగి మాత్రలూ ఇచ్చిన గుంపులో 9 మందికి. తర్వాత నరంలోకి ఇచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు అందరికీ రివాజైపోయాక, ఈ మాత్రలు ఇక అనవసరమని చాలా దేశాలు వదిలేశాయి. ఆ వదిలేయడం తొందరపాటేనని నేననుకుంటాను. ఇంజెక్షన్ కాపాడేది కోసిన కండను. మాత్ర కాపాడేది గొట్టం లోపలి వైపును. ఒకటి గట్టు బయట కాపలా, ఇంకోటి లోపల కాపలా.

ఫిన్‌లాండ్ సర్జన్లే దీన్ని మళ్ళీ తవ్వి తీశారు. 2019లో పైనున్న పెద్దపేగు ఆపరేషన్లలో చూస్తే, కడిగి మాత్రలిచ్చిన వాళ్ళకూ ఏమీ చేయని వాళ్ళకూ మధ్య ఖాయంగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వాళ్ళు అక్కడితో ఆగలేదు. పురీషనాళం ఆపరేషన్లలో విడిగా మరో పరీక్ష చేసి 2024లో ప్రకటించారు. 565 మంది రోగులు. అందరికీ పేగు కడిగారు, అందరికీ ఇంజెక్షన్ ఇచ్చారు. సగం మందికి నియోమైసిన్, మెట్రోనిడజోల్ మాత్రలు, మిగతా సగానికి అచ్చం అలాగే కనిపించే ఉత్త మాత్రలు. ఇన్ఫెక్షన్లు మాత్రల గుంపులో నూటికి 8, ఉత్త మాత్రల గుంపులో 17కు దగ్గర. అతుకు లీకు ఒకవైపు 6కు లోపు, ఇంకోవైపు 13కు పైన. చివరి జానెడు విషయంలో నేను చదివినవాటిలో ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు. అమెరికా పెద్దపేగు, పురీషనాళ సర్జన్ల సంఘం అంతకుముందే, 2019లోనే, కడగడాన్నీ మాత్రలనూ కలిపి వాడమని సిఫారసు చేసింది.

కడగకుండా మాత్రలొక్కటే ఇస్తే? స్పెయిన్‌లో 2020లో పెద్దపేగు ఆపరేషన్లలో అలా చేసి చూస్తే ఇన్ఫెక్షన్లు నూటికి 11 నుంచి 5కు తగ్గాయి. ఆ పరీక్ష పురీషనాళం మీద చేసింది కాదు.

రొయ్యల గుంట ఇంకో పాఠం కూడా నేర్పుతుంది. అడుగంతా మందుతో చచ్చాక నీళ్ళు పెడితే అందరికంటే ముందు లేచి కూర్చునేది విబ్రియోలాంటి చెడు బాక్టీరియాయే. అందుకే రైతులు తవుడూ బెల్లమూ పులియబెట్టి పోస్తారు, ప్రోబయాటిక్ చల్లుతారు, ఖాళీ చోటును మంచివాటితో నింపుతారు. పేగులోనూ ఇలాంటిది జరుగుతుందని షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ ఆల్వర్డీ బృందం 2015లో ఎలుకల్లో చూపింది. ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బాక్టీరియా అతుకు దగ్గర చేరి కొల్లాజెన్‌ను కరిగించే రసాన్ని విడుస్తుంది. గాయం మానేటప్పుడు రెండు కొసలనూ కట్టి ఉంచే పురికొస ఆ కొల్లాజెనే. అది కరిగితే కుట్టు ఎంత బాగా వేసినా అతుకు విడిపోతుంది. కాబట్టి ముందు ముందు పరిశోధన అందర్నీ చంపే మందుల వైపు కాక, ఫలానా చెడ్డదాన్ని మాత్రమే అదుపు చేసే మందుల వైపు సాగాలని నా కోరిక. మన ఆక్వా రైతులు గుంటల్లో ఆ దారి పట్టి చాలా కాలమైంది.

గ్లాసు ఎత్తే ముందు

మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్లలో పురీషనాళానిది పెద్ద వాటా. చిన్న వయసు వాళ్ళలోనూ కనిపిస్తోంది. మలంలో నెత్తురు పడితే మొలలేనని తీర్మానించుకుని, నెలల తరబడి నాటుమందులు మింగి, గడ్డ పెరిగాక వచ్చేవాళ్ళు ఎందరో. నలభై దాటిన ఎవరికైనా నెత్తురు పడినా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా, ఒక్కసారి డాక్టరుతో వేలు పెట్టి పరీక్ష చేయించుకోవాలి. దీనికి సిగ్గుపడొద్దు. జానెడు గొట్టంలో కింద ఉన్న గడ్డ చాలాసార్లు ఆ వేలికే తగులుతుంది.

ఆపరేషన్ ఖాయమై, మందునీళ్ళు తాగమన్నప్పుడు డాక్టరుకు కొన్ని సంగతులు అడగకపోయినా చెప్పండి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉంటే చెప్పండి. షుగర్ మాత్రలు ఏవి వాడుతున్నారో చీటీ చూపించండి. కొన్ని కొత్త రకం షుగర్ మాత్రలు పస్తుమీద నెత్తురులో ఆమ్లం పెంచుతాయి, వాటిని మూడు రోజుల ముందే ఆపాల్సి ఉంటుంది. ఎవరో చెప్పారని మందునీళ్ళకు తోడు ఇంట్లో ఆముదం కూడా పట్టించొద్దు. గ్లాసును ఒక్క గుక్కలో కాక, డాక్టరు చెప్పిన వ్యవధిలో, చల్లగా తాగితే వాంతి వచ్చే అవకాశం తగ్గుతుంది. చివరికి మలం తేటగా, లేత పసుపు నీళ్ళలా వస్తే పేగు శుభ్రపడినట్టు. పెద్దవాళ్ళయితే ఆ రాత్రి పక్కన ఒకరు మేలుకుని ఉండాలి. చీకట్లో బాత్రూంకు పదిసార్లు లేచే మనిషికి కళ్ళు తిరగడం, జారిపడటం మామూలు.

ఒక్క మాట మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి. పొట్ట ఉబ్బి, గాలి కూడా పోకుండా, వాంతులవుతుంటే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ఏ విరేచనాల మందు తాగినా మూసుకున్న గొట్టం ఒత్తిడికి పగలవచ్చు. ఆ పరిస్థితిలో గ్లాసు పక్కన పెట్టి, ఎంత రాత్రైనా సరే, రోగిని వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.